రెండో బాణం ఎవరు వేశారు?

పోయిన పౌర్ణమి వందన అయ్యాక ఇద్దరు ఆడపిల్లలు ఆగి నన్నొక మాట అడిగారు. "అక్కా, స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే నాలుగు రోజుల ముందు నుంచే భయమేస్తుంది. ధ్యానంలో దీనికేమన్నా ఉందా?" అన్నారు. నేను నవ్వేశాను. పరీక్షల భయానికి, చావు భయానికి ధమ్మంలో మాట ఉందిగానీ మొటిమల భయానిక్కూడానా అనుకున్నాను. ఆ నవ్వు తప్పు. అది తప్పని మా ఇంట్లోనే నాకు తెలిసొచ్చింది. అందుకే ఈ నెల కరపత్రంలో దీని గురించే రాస్తున్నాను.

నేను బీఏ చదివినదాన్ని, డాక్టర్ని కాను. ఏ మందు వాడాలో, ఏది మానాలో డాక్టరే చెప్పాలి. నేను చెప్పేది గుండె దడ సంగతి మాత్రమే.

మా అక్క కూతురికి 23 ఏళ్ళు. గుంటూరులో ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్లో కూర్చుంటుంది. ఇంటర్ నుంచీ మొటిమలు. అవి తగ్గాక బుగ్గల మీద నల్ల మచ్చలు మిగిలాయి. తోటి అమ్మాయి చెప్పిందని మందుల షాపులో ఒక ట్యూబు కొనుక్కుంది. చీటీ చూపించమని అడగలేదు, ఇచ్చేశారు. మొదటి నెల మొహం తళతళలాడింది. అందరూ "ఏం రాస్తున్నావే?" అని అడిగారట. ఆ తర్వాత ఎండలోకి వెళ్తే మంట. బుగ్గలు ఎర్రగా కందిపోవడం, సన్నగా నూగు వెంట్రుకలు, చిన్నచిన్న నరాలు పైకి కనపడటం. మానేద్దామని రెండు రోజులు ఆపితే మొహమంతా పొక్కి మంట రెట్టింపు. మళ్ళీ రాసుకుంటే చల్లబడేది. ఇట్లా ఏడాదిన్నర. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అది స్టెరాయిడ్ కలిసిన క్రీము. మన పేటల్లో ఎంతమంది పిల్లలు తెల్లబడతామని వీటిని రాసుకుంటున్నారో మీకూ తెలుసు. డాక్టర్ చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకుండా 2018లోనే కేంద్రం నిబంధన బిగించింది. అయినా కౌంటర్ మీద కొబ్బరినూనె ఇచ్చినట్టు ఇస్తూనే ఉన్నారు.

చివరికి శనివారం ఉదయానికి అపాయింట్‌మెంట్ తీసుకుంది. అప్పటికే ఒకసారి తీసుకుని, ఆ రోజు కడుపునొప్పి అని మానేసిందట. ఈసారి తోడు రమ్మని నన్నడిగింది. మంగళవారం నుంచే నిద్ర లేదు. కడుపులో తిప్పడం, అన్నం దిగకపోవడం, అర్ధరాత్రి లేచి ఫోన్ కెమెరాలో మొహం చూసుకోవడం. దేనికమ్మా ఇంత భయం, వాళ్ళేం కోస్తారా అన్నాను. చెప్పింది. డాక్టర్ తిడతారేమో. ఇక బాగుపడదు అంటారేమో. ట్యూబ్‌లైట్ కింద పౌడరు కడిగేసి మొహం చూపించాలి. వేలకు వేలు అడిగితే ఏం చేయాలి? అన్నిటికన్నా చివర, గొంతు తగ్గించి, "పిన్నీ, ఆ రిసెప్షన్లో అమ్మాయిలు తెల్లగా ఉంటారు. నన్ను పైనుంచి కిందదాకా చూసి ఏ ఊరు, ఏ వీధి అని అడుగుతారు" అంది.

ఆ చివరి మాట నేను వినలేదు. విన్నానుగానీ పట్టించుకోలేదు. దగ్గర కూర్చోబెట్టి ధమ్మం చెప్పడం మొదలుపెట్టాను. సతిపట్ఠాన సుత్తంలో దేహాన్ని భాగాలు భాగాలుగా చూడమని ఉంది కదా. తల వెంట్రుకలు, ఒంటి వెంట్రుకలు, గోళ్ళు, పళ్ళు, చర్మం... అవన్నీ వల్లించి, "ఈ చర్మం ఏముంది తల్లీ, ఒక సంచి. లోపల ఎముకలు, చీము, నెత్తురు. దీని కోసం ఏడుస్తారా?" అన్నాను. అది నా మొహంలోకి చూసి ఏమందో తెలుసా? "బయటివాళ్ళు నన్ను చూసి అసహ్యపడేది చాలదా పిన్నీ? ఇప్పుడు నేను కూడా నన్ను అసహ్యించుకోవాలా?"

ఇరవై ఏళ్ళుగా ధమ్మం గురించి వేదికలెక్కి మాట్లాడుతున్నాను. ఆ రాత్రి నాకు జవాబు దొరకలేదు.

తర్వాత పుస్తకం తీసి చూస్తే జవాబు తథాగతుడి జీవితంలోనే ఉంది. వైశాలిలో ఆయన భిక్షువులకు దేహం అశుభమని భావించే ధ్యానం గురించి చెప్పి, పదిహేను రోజులు ఏకాంతంలోకి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే సంఘం పలచబడి ఉంది. ఏమైందని ఆనందుణ్ణి అడిగాడు. దేహం మీద అసహ్యం పెంచుకుని కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఇంకో దారి చెప్పండి భంతే అని ఆనందుడు అడిగాడు. అప్పుడు తథాగతుడు అందర్నీ కూర్చోబెట్టి ఆనాపానసతి, అంటే వచ్చే ఊపిరినీ పోయే ఊపిరినీ ఎరుకతో గమనించడం నేర్పాడు. ఈ కథ మన ప్రవచనాల్లో ఎక్కువగా వినపడదు. కానీ నాకు ఇదే ముఖ్యమనిపిస్తోంది. ఒక మందు అందరికీ పనిచేయదని గురువుకి తెలుసు. అందం చూసుకుని మురిసిపోయేవాడికి ముప్పైరెండు భాగాల ధ్యానం మందు. పుట్టిన దగ్గర్నుంచీ నీ ఒళ్ళు మైల అని విన్నవాడికి అదే మందు ఇస్తే విషమవుతుంది. మన జనాన్ని వేల ఏళ్ళు ముట్టుకోకూడనివాళ్ళన్నారు. మనకి దేహం మీద అసహ్యం కొత్తగా నేర్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మొహం గురించిన బాధతో రోజుల తరబడి తినకుండా, బయటికి రాకుండా, బతకడం ఎందుకనే ఆలోచన దాకా వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళకి ధ్యానం చెప్పి వదిలేయకండి. మనసు డాక్టర్‌కి చూపించండి. టెలీ మానస్ అని ప్రభుత్వ సహాయ కేంద్రం ఉంది, నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మన విహారంలో కొందరు పెద్దలు "అందం కోసం వైద్యమా, అది తృష్ణ కదమ్మా" అంటారు. అష్టశీలంలో పూలదండలు, సుగంధాలు, అలంకారాలు మానాలని ఉంది కదా అని గుర్తుచేస్తారు. ఉంది. అది ఉపోసథ రోజున పాటించే శీలం. గృహస్థు రోజూ పాటించేది పంచశీలం. అందులో మొహానికి మందు రాసుకోవద్దని లేదు. వినయపిటకంలో ఇంకో సంఘటన ఉంది. ఆనందుడి ఉపాధ్యాయుడు బేలట్ఠసీసుడికి ఒంటి నిండా పుళ్ళు. రసి కారి చీవరం ఒంటికి అతుక్కుపోయేది. తోటి భిక్షువులు నీళ్ళతో తడిపి తడిపి దాన్ని ఊడదీస్తుంటే తథాగతుడు చూశాడు. ఏంటిది అని అడిగాడు. దేహం అనిత్యం, ఓర్చుకో అనలేదు. దురదలకీ, కురుపులకీ మందు పొడి వాడుకోండి అని అనుమతిచ్చాడు. కురుపులున్న భిక్షువులు ఒంటి మీద వేరే గుడ్డ కప్పుకోవచ్చని ఇంకో అనుమతి కూడా ఇచ్చాడు. చర్మం బాధ ఆయనకి సిగ్గుపడే సంగతి కాదు.

బాబాసాహెబ్‌కీ ఒంటి మీద ఏముందో చిన్న సంగతి కాదు. 1927 డిసెంబరులో మహద్‌లో మన ఆడవాళ్ళతో మాట్లాడుతూ, కులాన్ని చూపించే ఆ కట్టూ ఆ బరువు నగలూ వదిలేయమని, శుభ్రంగా, మిగతా ఆడవాళ్ళలాగే చీర కట్టుకోమని చెప్పారు. ఆయనే స్వయంగా సూటు వేసుకుని నిలబడ్డారు. కాబట్టి మా అమ్మాయి డాక్టర్ దగ్గరికి వెళ్ళడం ధమ్మానికి విరుద్ధం అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. అట్లాగని ప్రతి క్లినిక్ బోర్డు వెనకా పరుగెత్తమనీ చెప్పను. ఏ కోరికతో వెళ్తున్నాం అనేది చూసుకోవాలి. మంట తగ్గడానికా, ఇంకొకరిలా కనపడటానికా?

సంయుత్త నికాయంలో సల్ల సుత్తం అని ఉంది. సల్లం అంటే బాణం. మనిషికి ఒక బాణం తగిలింది. నొప్పి. ధమ్మం వినని మనిషి ఆ నొప్పికి తోడు ఏడ్చి, గుండెలు బాదుకుని, ఇంకో బాణం కూడా తగిలినంత బాధపడతాడు. ధమ్మం విన్న మనిషికి మొదటి బాణం నొప్పి ఉంటుంది, రెండోది ఉండదు. ఒకటి ఒంటికి, ఇంకొకటి మనసుకి. మా అమ్మాయి విషయంలో బుగ్గల మంట మొదటి బాణం. "నన్నెవరు చేసుకుంటారు, అందరూ నన్నే చూస్తున్నారు" అనేది రెండోది.

ఈ సుత్తం చెప్పి చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. రెండో బాణం నీ మనసే వేసుకుంది, తీసేసుకో, అయిపోయింది అంటారు. నాకు ఇది సగం మాటే అనిపిస్తుంది. ఆ బాణాన్ని దాని చేతికి ఇచ్చిందెవరు? రెండో తరగతిలో "కర్రిదానా" అని పిలిచిన టీచరు ఇచ్చింది. సున్నిపిండి పెట్టి రక్తం వచ్చేలా రుద్దిన మా అమ్మ, అంటే దాని అమ్మమ్మ, ప్రేమతోనే ఇచ్చింది. 1975లో బజార్లోకి వచ్చి, నలభై ఐదేళ్ళు తెలుపే అందమని ఊదరగొట్టి, 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకున్న క్రీము ఇచ్చింది. ఇంకా చెప్పమంటారా? మన బౌద్ధ కుటుంబాల పెళ్ళి పరిచయాల్లో కూడా "అమ్మాయి రంగు ఎట్లా ఉంటుంది?" అనే అడుగుతున్నారు. నా చెవులతో విన్నాను. 22 ప్రతిజ్ఞల్లో మనుషులంతా సమానమని పలికిన నోటితోనే.

1936లో 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ తేల్చి చెప్పారు, కులం జాతి భేదం కాదని. ఒకే ప్రాంతంలో ఉన్న బ్రాహ్మడూ అంటరానివాడూ పుట్టుకలో వేరు జాతులు కారని. మన పేటలో పచ్చగా మెరిసేవాళ్ళున్నారు, పెద్ద కులాల్లో నాకంటే నల్లనివాళ్ళున్నారు. అయినా రంగు చూడగానే కులం లెక్కగట్టే కళ్ళు ఈ దేశంలో ఉన్నాయి. మా అమ్మాయి రిసెప్షన్ గురించి భయపడింది ఊరికే కాదు. ఆ కళ్ళు దానికి చిన్నప్పట్నుంచీ తెలుసు. దాన్ని "నీ ఊహ" అని కొట్టేయడం అబద్ధం అవుతుంది.

లకుంటక భద్దియుడి సంగతి మీకు తెలిసే ఉంటుంది. పొట్టివాడు, చూడ్డానికి వికారంగా ఉండేవాడు. తోటి భిక్షువులు ఆయన్ని తక్కువగా చూసేవాళ్ళు. ఒకరోజు దూరం నుంచి ఆయన వస్తుంటే తథాగతుడు, అదిగో ఆ వస్తున్న భిక్షువుని చూశారా, ఆయన మహా శక్తిమంతుడు, పొందవలసింది పొందినవాడు అని భిక్షువులకి చెప్పాడు. మధురమైన గొంతు ఉన్నవాళ్ళలో అగ్రగణ్యుడు అని కూడా ఆయన్ని మెచ్చుకున్నాడు. గమనించండి, భద్దియుణ్ణి పిలిచి "నువ్వు బాధపడకు" అని చెప్పలేదు. చూసేవాళ్ళ చూపుని సరిచేశాడు. మనం చేస్తున్నది దీనికి తిరగబడి ఉంది. బాణం తగిలినవాళ్ళకి ప్రవచనం చెప్పి, వేసినవాళ్ళకి భోజనం వడ్డిస్తున్నాం.

అయితే చూసేవాళ్ళ చూపు మారేదాకా మా అమ్మాయి శనివారం ఆగదు కదా. బుధవారం మళ్ళీ దాని దగ్గరికెళ్ళాను. ముందు, నిన్న నేనన్న మాట తప్పు తల్లీ అని చెప్పాను. తర్వాత ఇద్దరం కలిసి కొన్ని పనులు చేశాం. అవి మీకూ పనికొస్తాయేమో చూడండి.

రాత్రి పడుకునేముందు పది నిమిషాలు ఊపిరి. కళ్ళు మూసుకుని, చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, లోపలికి వస్తోంది, బయటికి పోతోంది, అంతే. దడ వస్తే ఆపాలని చూడొద్దన్నాను. దడ వచ్చింది అని తెలుసుకో. ఎక్కడుంది? గొంతులోనా, పొట్టలోనా? వేడిగా ఉందా, బిగుతుగా ఉందా? దీన్నే వేదనానుపస్సన అంటారు. సుఖం, దుఃఖం, రెండూ కానిది, ఏదో ఒకటి వస్తుంది, ఉంటుంది, పోతుంది. మొదటి రాత్రి "ఏం తగ్గలేదు పిన్నీ" అంది. తగ్గించడానికి కాదే, చూడ్డానికి అన్నాను. రెండో రాత్రి, పొట్టలో తిప్పడం కాసేపు పెరిగి తనంతట తనే తగ్గడం చూశానంది. దడ శాశ్వతం కాదని నేను చెబితే అది ప్రవచనం. అదే చూసుకుంటే అది అనిచ్చ.

ఫోన్ కెమెరా రాత్రి తొమ్మిది తర్వాత వాళ్ళమ్మకి ఇచ్చేయమన్నాను. ఇందులో పెద్ద ధమ్మమేమీ లేదు, కానీ అన్నిటికన్నా ఇదే ఎక్కువ పనిచేసింది.

తర్వాత నోటు పుస్తకంలో ఒక గీత గీశాం. ఒక పక్క నాకు తెలిసినవి: బుగ్గ మంటగా ఉంది, ట్యూబు ఏడాదిన్నర వాడాను, శనివారం పదకొండింటికి వెళ్ళాలి. ఇంకో పక్క మనసు చెప్పేవి: తిడతారు, బాగుపడదు, నవ్వుతారు. తెలిసినవి మూడే వచ్చాయి. మనసు చెప్పేవి పేజీ నిండింది. "తిట్టచ్చు, తిట్టకపోవచ్చు. తిడితే ఏం చేస్తావు?" అని అడిగాను. ఆలోచించి, "విని, మందేంటో అడుగుతాను" అంది.

కాలామ సుత్తంలో తథాగతుడు ఏం చెప్పాడు? అందరూ అంటున్నారని, పెద్దవాడు చెప్పాడని, గురువని నమ్మేయొద్దు, మీరే పరీక్షించి చూసుకోండి అన్నాడు. తెల్లకోటు వేసుకున్నవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. గౌరవంగా అడగాలి, కానీ అడగాలి. కన్సల్టేషన్ అంటే ఒప్పుకోవడం కాదు, అడిగి తెలుసుకోవడం. ఆ రోజు ఏదీ చేయించుకోనక్కర్లేదు. ఈ ఒక్క మాట చెప్పగానే దాని భుజాలు దిగాయి. అది అప్పటిదాకా శనివారం మొహం మీద లేజర్ పెట్టేస్తారనే అనుకుంటోంది!

అడగవలసినవి కాగితం మీద రాయించాను. నాకు వచ్చిన జబ్బేంటి? చూసే డాక్టర్ చర్మ వైద్యంలో ఎండీయో డిప్లొమోయో చదివినవారేనా? ఏమీ చేయించుకోకపోతే ఏమవుతుంది? మీరు చెప్పే వైద్యం నాలాంటి నల్ల చర్మం మీద మచ్చలు మిగిల్చే ప్రమాదం ఉందా? ఎన్నిసార్లు రావాలి, మొత్తం ఎంతవుతుంది? వాడిన ట్యూబు ఖాళీదైనా సంచిలో పెట్టుకోమన్నాను. అది సిగ్గుపడుతూ చెత్తలో వేసేసింది. వెతికి తీశాం. డాక్టర్ దగ్గర దాచిపెడితే వైద్యం తప్పుతుంది. సత్యం చెప్పడం మన నాలుగో శీలం, ఇక్కడ అది మన మేలుకే.

శనివారం వెళ్ళాం. హాలు నిండా అద్దాలు, గోడల మీద తెల్లటి అమ్మాయిల ఫోటోలు. రిసెప్షన్లో అమ్మాయి పేరు, ఊరు అడిగింది. వీధి అడగలేదు. మా అమ్మాయి చెప్పులు విప్పేసి పాదాలు చల్లటి బండ మీద ఆనించి కూర్చుంది. అదీ మేం అనుకున్నదే, మనసు పరుగెడితే పాదాల దగ్గరికి తెచ్చుకోవడం. ఇంతలో కౌన్సెలర్ అని ఒకామె పక్క గదిలోకి పిలిచింది. డాక్టర్‌ని చూడకముందే ఆరు సిట్టింగుల ప్యాకేజీ, 25 వేలు, నెలనెలా కట్టొచ్చు, ఈరోజే సంతకం పెడితే తగ్గింపు అంది. నాకు నోరు తెరవాలని ఉంది. ఊపిరి పట్టుకుని ఊరుకున్నాను. మా పిల్ల గొంతు వణుకుతూనే ఉంది, కానీ స్పష్టంగా, "డాక్టర్ గారిని కలిశాక ఇంటికెళ్ళి ఆలోచించుకుని చెప్తానండీ" అంది. వణుకు ఉండగానే ఆ మాట వచ్చింది. భయం పోయాక ధైర్యం వస్తుందని నేను ఎప్పుడూ అనుకునేదాన్ని.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది. ట్యూబు చూసి తల కొట్టుకుంది, రెండు మాటలంది. తర్వాత నెమ్మదిగా, ఈ క్రీము ఎట్లా ఆపాలో, ఆపినప్పుడు కొన్నాళ్ళు మంట పెరుగుతుందని, దానికి ఏం రాయాలో, ఎండకి ఏం వాడాలో చెప్పింది. నెలలు పడుతుంది, తొందరపడకు అంది. లేజర్ గురించి అడిగితే ఇంత పల్చబడ్డ చర్మం మీద ఇప్పుడు వద్దంది. మా అమ్మాయి కాగితం తీసి ఒక్కో ప్రశ్నా అడిగింది. చివర్లో కాగితంలో లేనిది కూడా అడిగింది: "నేను తెల్లబడతానా మేడం?"

"మంట పోతుంది, మచ్చలు చాలావరకు తగ్గుతాయి. నీ రంగు నీ రంగే అమ్మా" అంది డాక్టరమ్మ.

అది ఏడుస్తుందేమో అని నేను చూశాను. ఏడవలేదు. బస్సెక్కాక కిటికీ పక్కన కూర్చుని, చున్నీ మొహం మీదకి లాక్కోకుండా, "పిన్నీ, ఆకలేస్తోంది" అంది. మంగళవారం నుంచి అది ఆ మాట అనడం అదే మొదటిసారి. బస్టాండులో దిగి ఇద్దరం పుణుగులు తిన్నాం.

వచ్చే నెల మళ్ళీ వెళ్ళాలి. పోయిన పౌర్ణమికి నన్నడిగిన ఆ ఇద్దరు పిల్లలూ ఈ కరపత్రం చదివితే, ఆదివారం వందన అయ్యాక ఉండండి. కాగితం, పెన్ను తెచ్చుకోండి. ఈసారి నవ్వను. మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురండి, వాళ్ళతో నాకు వేరే పనుంది.

నమో బుద్ధాయ. జై భీమ్.